విధేయవ్రతుడు, స్వతంత్రుడు

రాయలసీమలో విశ్వవిద్యాలయమును గూర్చిన చర్చ చాలాకాలము స్థలమును గూర్చిన చర్చగానే సాగినది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పుడు దాని పీఠము బెజవాడయా, అనంతపురమా, వాల్తేరా అన్న తగవు పెద్దదైనది. తీరా పీఠము వాల్తేరు చేరినది. సీమ జిల్లాలు మద్రాసు విశ్వవిద్యాలయపు నీడనే నిలిచిపోయినవి. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో నదీజలములతోపాటు విశ్వవిద్యాలయ కేంద్రమునకును ఒక షరతు వ్రాసికొనవలసి వచ్చినదనగా, ఎండిన నేలకు నీరెంతయో చదువును అంతేనని ఆనాటి పెద్దలు తలచినారన్నమాట. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. కడపకు 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయము, కర్నూలుకు 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయము వచ్చినవి. ఇన్నేండ్ల ఎదురుచూపులో ‘ఎక్కడ?’ అన్న ప్రశ్నయే గట్టిగా వినబడినది. వచ్చిన తరువాత దాని పెద్ద ఎవరికి లోబడి నడచుకొనవలెను, ఎవరికి ఎదురు చెప్పగలిగి యుండవలెను అన్న ప్రశ్న అంతగా వినబడలేదు.

ఆ రెండవ ప్రశ్నకు తెలుగునాట మొదట జవాబు చెప్పినవారు సీమవారే కావడము విశేషము. చిత్తూరు ప్రాంతీయులు కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమ వైస్ ఛాన్సలరు. 1930లో సత్యాగ్రహోద్యమముపై ప్రభుత్వము జరపిన దమనకాండకు నిరసనగా ఆయన ఆ పదవిని వదలుకొన్నారు. విశ్వవిద్యాలయమునకు ధనమిచ్చునది ప్రభుత్వమే. వైస్ ఛాన్సలరు పదవియు ప్రభుత్వానుగ్రహముననే నిలుచునది. అయినను ఆ కుర్చీలోనుండి లేచి పోగలిగిన మనిషి ఒకడున్నాడని తెలియడము ఆ కుర్చీకి గౌరవము తెచ్చినది. 1936లో ఆయన మరల వచ్చి 1949 వరకు ఆ పదవిని నిర్వహించినారు.

రెడ్డిగారి రాజీనామాకు ఇరువదిరెండేండ్ల తరువాత, భూగోళమునకు ఆవలి ప్రక్కన, అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, నోటర్ డేమ్ విశ్వవిద్యాలయమునకు ఒక కథోలిక గురువు అధ్యక్షులైనారు. ఆయన పేరు థియొడోర్ మార్టిన్ హెస్బర్గ్. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు. 1952 నుండి 1987 వరకు, సరిగా మరొక 35 ఏండ్లు ఆ పదవిలో నున్నారు. ఒక గురువు కళాశాల నడపుట వింత కాదు. లోబడి యుందునని దేవుని యెదుట ప్రమాణము చేసిన మనిషి, విశ్వవిద్యాలయము ఎవరికిని లోబడరాదని జీవితమంతా వాదించుట వింత.

కర్నూలు, కడప జిల్లాల పాఠకులకు కథోలిక గురువు కొత్త మనిషి కాడు. కర్నూలు మేత్రాసనము 1967లోను, కడప మేత్రాసనము 1976లోను ఏర్పడినవి. గుడికి పోనివాడు సైతము ఫాదర్‌గారిని ఎరుగును. ఎందుకనగా బడి కరస్పాండెంటు ఆయనయే, హాస్టలులో సీటు కావలెనన్నను ఆయనయే. పోలూరులో పుట్టి, కడప మేత్రాసనమున గురువై, అక్కడి విద్యావ్యవహారములు చూచి, 2008లో కర్నూలు పీఠాధిపతియై, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతియై, 2022లో కార్డినల్ పదవినందిన పూల ఆంతోనిగారు ఈ బాటలో నడచినవారే. తెలుగువారిలో తొలి కార్డినల్ ఆయన, దళితులలోను తొలివారు. సీమలో గురువు చేతిలో బడి యున్నది, హాస్టలున్నది. గురువు చేతిలో విశ్వవిద్యాలయము ఉన్నచో ఏమగునో తెలిసికొనుటకు హెస్బర్గ్ చరిత్ర చూడవలసి యున్నది.

ఆయన 1917 మే 25న న్యూయార్కు రాష్ట్రములోని సిరక్యూస్ పట్టణమున జన్మించినారు. తండ్రి ఒక గాజుపలకల కంపెనీలో మేనేజరు. 1934లో నోటర్ డేమ్ చేరి, దానిని నడపు పరిశుద్ధ శిలువ సభలో ప్రవేశించినారు. ఆ విశ్వవిద్యాలయమును 1842లో స్థాపించినది ఆ సభకు చెందిన ఎడ్వర్డ్ సోరిన్ అను ఫ్రెంచి గురువు. సభవారు హెస్బర్గును చదువుకై రోముకు పంపినారు. యుద్ధము ముంచుకొని రాగా 1940లో తిరిగి రావలసి వచ్చినది. 1943 జూన్ 24న గురుపట్టము పొందినారు. నౌకాదళములో గురువుగా పోవలెనని ఆయన కోరిక. పెద్దలు వలదన్నారు, వాషింగ్టనులో వేదాంతశాస్త్రమున డాక్టరేటు ముగించి, 1945లో నోటర్ డేమ్‌లో పాఠములు చెప్పబొమ్మన్నారు. పోయినారు. యుద్ధము నుండి తిరిగి వచ్చి, భార్యాబిడ్డలతో చదువుకొనుచున్న సైనికుల కుటుంబములకు గురువుగా నుండినారు. 1948లో వేదాంతశాఖాధ్యక్షులు, 1949లో ఉపాధ్యక్షులు, 1952లో అధ్యక్షులు. వీనిలో ఒక్కదానికిని ఆయన దరఖాస్తు పెట్టుకొనలేదు. పేదరికము, బ్రహ్మచర్యము, విధేయత అను మూడు వ్రతములు పట్టిన వారికి ఎవరికే పని అన్నది పెద్దలే నిర్ణయింతురు. పూర్వాధ్యక్షులు జాన్ కావనా ఆయన చేతికి గది తాళపుచెవి ఇచ్చి, ఈ సాయంత్రము నేనొక సభలో మాట్లాడెదనని ఒప్పుకొన్నాను, అధ్యక్షుడవు గనుక ఇక నీవే పోవలెను అని చెప్పి వెడలిపోయినారట. పదవీ స్వీకారోత్సవమనగా అంతే.

ఆనాటి నోటర్ డేమ్ పేరు దేశమంతట మారుమ్రోగుచుండినది నిజమే గాని, అది చదువు వలన వచ్చిన పేరు కాదు. వారి ఫుట్‌బాల్ జట్టు అమెరికాలో మేటి. అధ్యక్షుని చూడవచ్చిన విలేకరులందరు ఆటల విలేకరులే. ఒక ఛాయాగ్రాహకుడు ఆయన చేతికొక బంతినిచ్చి, ఆటగాని వలె వంగి నిలువుమన్నాడు. హెస్బర్గ్ నిలువనన్నారు. చిన్న సంగతియే, కాని ఆయన పలికిన తొలి ‘కాదు’ అదియే యని చెప్పవచ్చును. తరువాతి కాదులన్నియు ఇంతకంటె బరువైనవి.

లెక్కలకు వచ్చినచో, ఆయన పదవిలోనికి వచ్చిననాడు విద్యార్థులు 4,979 మంది, దిగిననాడు సుమారు 9,600. అధ్యాపకులు 389 నుండి 950కి పెరిగినారు. సాలుకు 97 లక్షల డాలర్లుగా నున్న వ్యయము 17 కోట్ల 66 లక్షలైనది. మూలనిధి 90 లక్షల నుండి 35 కోట్లకు చేరినది. 1963లో పదునాలుగంతస్తుల గ్రంథాలయమును కట్టించినారు. దాని గోడపై ఎత్తైన క్రీస్తు చిత్రము చేతులెత్తి నిలిచి యుండును. ఆ గోడ ఫుట్‌బాల్ మైదానము వైపు చూచుచుండుటచే, చేతులెత్తి గోలు చూపు క్రీస్తని విద్యార్థులు దానికి ముద్దుపేరు పెట్టినారు. ఈ ధనవ్యవహారమంతయు ఆ 35 ఏండ్లును ఆయన ప్రక్కన నిలిచి చక్కబెట్టినవారు ఎడ్మండ్ జాయిస్ అను మరొక గురువు. హెస్బర్గ్ పేరు చెప్పువారు జాయిస్ పేరు మరచిపోవుదురు. అది న్యాయము కాదు.

భవనములు కట్టించిన అధ్యక్షులు ఎక్కడనైనను దొరకుదురు. హెస్బర్గ్ కథలో సారము మరొకచోట నున్నది.

పదవికి వచ్చిన రెండవయేటనే, 1954లో, పరీక్ష వచ్చినది. వచ్చినది రోము నుండియే. జాన్ కోర్ట్నీ మర్రే అను జెసూటు పండితుడు మతస్వాతంత్ర్యమును సమర్థించి వ్రాసిన వ్యాసమొకటి నోటర్ డేమ్ ముద్రణాలయము వెలువరించిన సంపుటములో చేరినది. రోములోని పెద్దలకు అది రుచింపలేదు. ఆ పుస్తకమును వెనుకకు తీసికొనవలెనని ఆయనపై ఒత్తిడి వచ్చినది. సభాధికారుల ద్వారముననే వచ్చినది. విధేయత వ్రతముగా పట్టినవానికి ఇంతకంటె చిక్కు మరొకటి ఉండబోదు. సామాన్యుడైన అధ్యక్షుడు, పైవారి ఆజ్ఞ, నేనేమి చేయుదును అని తప్పించుకొని యుండును. హెస్బర్గ్ విశ్వవిద్యాలయము తన గ్రంథమును తానే అణచివైచుకొనరాదని పట్టుపట్టి నిలిచినారు. పదకొండేండ్లు గడచునప్పటికి, 1965లో, రెండవ వాటికను మహాసభ మతస్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించినది; దాని రూపకల్పనలో పాలుగొన్నవారిలో ఆ మర్రే ఒకరు. అయితే 1954లో హెస్బర్గునకు ఈ ముగింపు తెలియదు. తెలియకయే నిలిచినారు.

ఆయన మాటల సామర్థ్యము కన్న మనుష్యులను ఒక చోట చేర్చు సామర్థ్యము గొప్పది. దీనికి నిదర్శనము పౌరహక్కుల కమిషన్ కథ. 1957లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆరుగురు సభ్యులతో ఆ కమిషనును నియమించినాడు: ముగ్గురు ఉత్తరాదివారు, ముగ్గురు దక్షిణాదివారు. ఉత్తరాది ముగ్గురిలో ఒకరు నల్లజాతి న్యాయవాది, ఒకరు హెస్బర్గ్. దక్షిణ రాష్ట్రములలో నల్లవారిని ఓటర్ల జాబితాలో చేరనీయకుండ ఎన్నెన్ని ఉపాయములు పన్నుచుండిరో విచారించుట వారి పని. చదువు రాదన్న నెపముతో ఉపాధ్యాయుల పేర్లనే కొట్టివేయుచుండిరి. విచారణకు వెళ్ళిన కమిషను సభ్యులకే కలిసి ఉండుటకు హోటలు దొరకలేదు. నల్లవాడైన సభ్యుని ఏ హోటలును రానీయదు. వైమానికదళ స్థావరములో దిగుదమనుకొన్నను, అక్కడి అధికారి అడ్డుపెట్టగా, దేశాధ్యక్షుడే ఆజ్ఞ పంపవలసి వచ్చినది. ఊరి నడుమ నున్న హోటలులో టీ గ్లాసు వేరుగా నుంచుట చూచి పెరిగిన సీమ పల్లెలవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

1959 జూలైలో కమిషన్ లూయీసియానాలో చిక్కుబడినది. న్యాయస్థానపుటుత్తరువుతో విచారణ ఆగిపోయినది, ఎండ మండిపోవుచున్నది, ఉత్తరాదివారు, దక్షిణాదివారు ఒకరిమాటకొకరు ఒప్పుకొనుట లేదు. నివేదిక వ్రాయు గడువు ముంచుకొని వచ్చినది. హెస్బర్గ్ అందరిని ఒక విమానములో ఎక్కించి విస్కాన్సిన్ రాష్ట్రపు ఉత్తరాన లాండ్ ఓ లేక్స్ అనుచోట తమ విశ్వవిద్యాలయమునకున్న సరస్సుల నడిమి విడిదికి తీసికొనిపోయినారు. చల్లని గాలి, మంచి భోజనము, సాయంత్రము పడవలలో చేపలవేట. ఆ ఆరుగురికిని చేపలవేటయనిన ప్రాణము. అది తప్ప వారిలో మరొక పోలిక లేదు. రాత్రి కూర్చుండి పండ్రెండు సిఫారసులు వ్రాసినారు. వానిలో పదకొండింటికి ఆరుగురును ఒప్పుకొన్నారు. ఇది ఎట్లు సాధ్యమైనదని ఐసెన్‌హోవర్ ఆశ్చర్యపడగా, అందరును చేపలవేటగాండ్రగుటచేతనని హెస్బర్గ్ బదులు చెప్పినారట. ఆ సిఫారసులలోని సారము చాలవరకు 1964 నాటి పౌరహక్కుల చట్టములోను, 1965 నాటి ఓటుహక్కు చట్టములోను చేరినది. 1964 జూన్ 21న చికాగోలోని సోల్జర్ ఫీల్డ్ మైదానమున మార్టిన్ లూథర్ కింగు చేయి పట్టుకొని హెస్బర్గ్ పాట పాడుచున్న ఛాయాచిత్రము వాషింగ్టనులోని జాతీయ చిత్రశాలలో నున్నది. ఎక్కువమంది ఎరిగినది ఆ చిత్రమునే. చట్టమునకు పునాది పడినది మాత్రము ఆ చేపలవేట రాత్రియే.

ఆ లాండ్ ఓ లేక్స్ విడిదియే 1967 జూలైలో మరొక చరిత్రకు వేదికయైనది. అప్పుడు హెస్బర్గ్ అంతర్జాతీయ కథోలిక విశ్వవిద్యాలయ సమాఖ్యకు అధ్యక్షులు. 26 మంది విద్యావేత్తలు, మతాధికారులు అక్కడ కూడి, జూలై 23న ఒక ప్రకటన వెలువరించినారు. దాని సారమిది: కథోలిక విశ్వవిద్యాలయము మొదట విశ్వవిద్యాలయము కావలెను, అందుకు దానికి నిజమైన స్వయంపాలన, విద్యాస్వాతంత్ర్యము ఉండవలెను, బయటినుండి వచ్చు అధికారము లౌకికమైనను, మతపరమైనను దానిపై సాగరాదు. వ్రాసినవారు దేవుని నిరాకరించినవారు కారు. వారిలో పలువురు గురువులు. ప్రతిదినము పూజ చేయువారు.

ఆ ఏడే హెస్బర్గ్ మాటను చేతలో పెట్టినారు. అంతవరకు నోటర్ డేమ్ పరిశుద్ధ శిలువ సభ సొత్తు. దాని పరిపాలనను గురువులు, గృహస్థులు కలిసిన ధర్మకర్తల మండలికి అప్పగించినారు. మండలిలో గృహస్థులే అధికులు. కోట్ల డాలర్ల ఆస్తిని తమ చేతినుండి తామే జారవిడుచుట ఏ సంస్థకైనను సులభము కాదు; మఠములకు, పీఠములకు అసలే కాదు. మన దేశములో దేవస్థానములు, మఠములు నడపు కళాశాలల చరిత్ర ఎరిగినవారు దీని బరువును తూచుకొనగలరు.

ఇంతకు పూర్వమే, 1958లో, మరొక మార్పు జరిగినది. చూపునకు చిన్నది, ఫలములో పెద్దది. అంతవరకు నోటర్ డేమ్ అధ్యక్షుడే అక్కడి గురువులకు మఠాధిపతియు. మఠాధిపతిత్వము ఆరేండ్లకు మించి యుండరాదని చర్చి నియమము; కావున ఆరేండ్లకొకసారి విశ్వవిద్యాలయమునకు కొత్త అధ్యక్షుడు రావలసినదే. ఆ రెండు పదవులను వేరు చేయుటచే హెస్బర్గునకు కాలము చిక్కినది. కాలము లేనిదే విశ్వవిద్యాలయము కుదురుకొనదు. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయముల చట్టము ప్రకారము వైస్ ఛాన్సలరుకు మూడేండ్ల గడువు. ముగ్గురి పేర్లతో వచ్చిన జాబితా నుండి ఒకరిని ఎన్నుకొనుటయే ఆచారము. మొదటి ఏడు ఫైళ్ళు అర్థము చేసికొనుటకు, మూడవ ఏడు తరువాతి పదవిని గూర్చి ఆలోచించుటకు పోయినచో, నడిమి ఏడు మిగులును. కడప, కర్నూలు విశ్వవిద్యాలయముల వంటి లేత సంస్థలకు ఈ లెక్క మరింత కష్టము. ముప్పదియైదేండ్లు ఒకరే ఉండవలెనని ఎవరును అనరు. అది మరొక రోగమునకు దారి. కాని మూడునకు, ముప్పదియైదునకు నడుమ అంకెలు చాలనే యున్నవి.

1969లో కాదనవలసిన వంతు విద్యార్థుల యెడ వచ్చినది. వియత్నాము యుద్ధముపై అమెరికా విశ్వవిద్యాలయములన్నియు అట్టుడికినట్లుడికిపోవుచున్న కాలమది. భవనముల ఆక్రమణలు, ఘెరావులు. ఫిబ్రవరి 17న హెస్బర్గ్ విద్యార్థులకొక లేఖ వ్రాసినారు. వాదమునకు బదులు బలమును వాడి ఇతరుల పని అడ్డగించువారికి ఆలోచించుకొనుటకు పదునైదు నిమిషముల గడువు, ఆపై సస్పెన్షన్, అప్పటికిని కదలనివారికి బహిష్కారము. పత్రికలు ఆ లేఖను దేశమంతట చాటినవి. అధ్యక్షుడు నిక్సన్ మెచ్చుకొని తంతి పంపినాడు. విశ్వవిద్యాలయములలోని అల్లర్లను గూర్చి ఉపాధ్యక్షుడు ఆగ్న్యూకు సలహా ఇమ్మన్నాడు. విద్యార్థులను అణచుటకు కఠినమైన చట్టములు చేయవలెనన్న ఉత్సాహముతో ప్రభుత్వపక్షమువారు అప్పుడు ఉవ్విళ్ళూరుచుండిరి. హెస్బర్గ్ పేరు దానికి మంచి ముద్రగా పనికివచ్చి యుండును. ఆయన మాత్రము పది దినములకే ఆగ్న్యూకు వ్రాసిన లేఖలో అట్టి చట్టములు వలదన్నారు. ఇంటిని చక్కదిద్దుకొనుట విశ్వవిద్యాలయముల పని, ప్రభుత్వము ఆ గడప తొక్కరాదన్నది ఆయన వాదము. తన్ను పొగడినవారినే నిరాశపరచినారు. ఆ సంవత్సరమే నవంబరులో పదిమంది విద్యార్థులపై పదునైదు నిమిషముల నియమము ప్రయోగింపబడినది. అందుకు ఆయనను నిందించినవారు నోటర్ డేమ్‌లోనే చాలమంది యుండిరి. వారి నింద పూర్తిగా అకారణమని చెప్పజాలము. పదునైదు నిమిషములలో ఎవడు ఏమి ఆలోచించుకొనగలడు? అయితే ఆ కఠినుడే 1970 మే నెలలో, కంబోడియాపై అమెరికా సైన్యము దాడి చేసినప్పుడు, విద్యార్థుల నడుమ నిలిచి యుద్ధమును ఖండించినారు. సైన్యమును వెనుకకు పిలువవలెనన్న ప్రకటన పైన సంతకము చేసినారు.

నిక్సనుతో చెలిమి అంతటితో చల్లబడినది. 1969లో హెస్బర్గును పౌరహక్కుల కమిషనునకు అధ్యక్షునిగా చేసినది ఆ నిక్సనే. చట్టములు కాగితముపై నున్నవి గాని, మీ ప్రభుత్వశాఖలే వానిని అమలు చేయుట లేదని కమిషన్ 1970లో నివేదిక వ్రాసినది. 1972 నవంబరులో నిక్సన్ మరల గెలిచిన వెంటనే హెస్బర్గును వైదొలగుమన్నారు. పదునైదేండ్ల సేవ అట్లు ముగిసినది. 1930లో కట్టమంచివారు తామే లేచిపోయినారు; 1972లో హెస్బర్గును లేపినారు. దారి వేరైనను కారణము ఒక్కటియే.

ఆ 1972వ సంవత్సరముననే నోటర్ డేమ్ పట్టపూర్వ తరగతులలో స్త్రీలను చేర్చుకొన్నారు. 130 ఏండ్ల మగవారి కోట అట్లు తెరచుకొన్నది. దీనికై ఆయనను ప్రత్యేకించి పొగడనక్కరలేదు. ఆలస్యముగా జరిగిన న్యాయము.

ఇన్ని కాదులు పలికినవాడు లోపములేనివాడని అనుకొనరాదు. ఆయన దేశాధ్యక్షుల వలన పొందిన నియామకములు పదునారు. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో 1956 నుండి 1970 వరకు వాటికను ప్రతినిధి. 1977 నుండి 1982 వరకు రాక్‌ఫెల్లర్ ఫౌండేషనునకు చైర్మన్. చేజ్ మన్‌హాటన్ బ్యాంకునకును డైరెక్టరు! పేదరికము వ్రతముగా గలవాడు బ్యాంకు డైరెక్టర్ల సరసన కూర్చుండుట విమర్శకులకు మింగుడుపడలేదు, పడవలసినదియు కాదు. విశ్వవిద్యాలయములు గౌరవ డాక్టరేట్లు 150 ఇచ్చినవి. ఇన్ని పనులతో ఆయన ఊరిలో ఉండుట అరుదు. దేవునికిని ఫాదర్ హెస్బర్గునకును భేదమేమి యని విద్యార్థులు ఒకరినొకరు అడిగికొనెడివారు. దేవుడు అంతటనుండును, హెస్బర్గ్ నోటర్ డేమ్‌లో తప్ప అంతటనుండునని జవాబు. ఈ చమత్కారమును ఆయనయు ఎరుగును.

మరొక విమర్శ లోతైనది. 2019లో వెలువడిన ఆయన జీవితచరిత్రలో అదే సభకు చెందిన గురువు, నోటర్ డేమ్ చరిత్రాచార్యుడు విల్సన్ మిస్కాంబిల్ ఈ ప్రశ్న నిలదీసి అడిగినాడు: రోము అధికారమునుండి విడివడి, లోకము మెచ్చు పెద్ద విశ్వవిద్యాలయముల వరుసలో నిలువవలెనన్న తహతహలో, నోటర్ డేమ్ తన కథోలిక స్వభావమునే పలుచన చేసికొనలేదా? 1990లో పోపు రెండవ జాన్ పాల్ కథోలిక విశ్వవిద్యాలయములపై వెలువరించిన శాసనము సైతము, లాండ్ ఓ లేక్స్ దారి మరీ దూరము పోయినదన్న భావముతో కథోలిక విశ్వవిద్యాలయమునకు చర్చితో బంధము విడరానిదని గట్టిగా చెప్పినది. ఈ వాదమును కొట్టివేయరాదు. రోముకు ఎదురు చెప్పుటకు ధైర్యము కావలెను. దాతలకు, ధనికులకు, కీర్తికి ఎదురు చెప్పుటకు అంతకు మించిన ధైర్యము కావలెను. మొదటిది ఆయనకు నిండుగా నుండినది. రెండవదానికి నిదర్శనములు అంత విరివిగా దొరకవు.

అయినను ఒక సంగతి మిగులును. చర్చి పెద్దలకు, దేశాధ్యక్షునికి, తన విద్యార్థులకు, ముగ్గురికిని, అవసరము వచ్చినప్పుడు, కాదని చెప్పి, చెప్పిన తరువాతను ముగ్గురితోను మాట కలిపి యుండగలిగిన విశ్వవిద్యాలయాధ్యక్షులు ఏ దేశములోనైనను వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. విధేయతావ్రతము దీనికి అడ్డము కాలేదు సరికదా, తోడ్పడినదేమో. పదవిని తాను కోరి తెచ్చుకొనలేదు. జీతము తనది కాదు. ఇల్లు, పిల్లలు, ఆస్తి లేవు. పదవి పోయిన మరునాడు సభవారు ఏదో బడిలో పాఠము చెప్పుమందురు, చెప్పును. పోగొట్టుకొనుటకు ఏమియు లేనివానిని బెదిరించుట కష్టము. గృహస్థులైన వైస్ ఛాన్సలర్లకు ఈ సౌకర్యము లేదు. రామలింగారెడ్డిగారు ఆజన్మబ్రహ్మచారి యన్న సంగతి ఈ సందర్భమున గుర్తు చేసికొనిన తప్పులేదు.

1987లో పదవి దిగిన తరువాత హెస్బర్గ్, జాయిస్ ఇద్దరును ఒక మోటారు ఇంటిబండిని తీసికొని పశ్చిమ అమెరికా అంతయు తిరిగినారు. కొత్త అధ్యక్షునికి అడ్డురాకుండ కొంతకాలము దూరముగా నుండుట మంచిదని వారి తలపు. ఇదియు నేర్చుకొనదగిన మర్యాదయే. ఆ ఏడే గ్రంథాలయమునకు ఆయన పేరు పెట్టినారు. దాని పదమూడవ అంతస్తులో ఆయనకొక గది యుండినది. చూపు మందగించిన తరువాత విద్యార్థులు వంతులవారిగా వచ్చి ఆయనకు పత్రికలు చదివి వినిపించుచుండెడివారు. చుట్ట కాల్చుచు వినెడివారు. 2015 ఫిబ్రవరి 26న, 97వ యేట, నోటర్ డేమ్‌లోనే కన్నుమూసినారు. సంస్మరణసభకు మాజీ అధ్యక్షుడు కార్టర్ వచ్చినాడు. సభ గురువుల శ్మశానవాటికలో, వరుసలో తనకు వచ్చిన చోట, తక్కినవారికి పెట్టినట్టి శిలువయే పెట్టి ఖననము చేసినారు.